చాట వరండాలోనే

మా ఆయన భూమేష్‌కు నలభై ఎనిమిదో ఏట వయసు వెనక్కి నడవడం మొదలుపెట్టింది. మీసానికి రంగు వచ్చింది, ఒంటి మీదికి తోలు జాకెట్, వాకిట్లోకి బుల్లెట్ బండి వచ్చాయి. ముసలోడికి దసరా పండుగ అని కూతురు సుమన నవ్వినందుకు అలిగాడు. తండ్రీకూతుళ్లకు రెండు నెలలుగా మాటల్లేవు. నిజామాబాద్ చివరి కాలనీలో ఇల్లు కట్టుకుని, ముగ్గురం మూడు గదుల్లో తింటున్నాం.

ఒక శనివారం నా గదిలోకి వచ్చాడు. రేపు తన బుల్లెట్ దోస్తులు టీకి వస్తారట. బోధన్‌లో తమది చెరుకు తోటల ఖాందాన్ అని వాళ్లకు చెప్పుకున్నాడట. అందుకని నేను బీడీలు చుట్టే చాట, తంబాకు, నానేసిన తునికాకు బాత్‌రూమ్‌లో పెట్టి తాళం వేయాలట.

నాకు ఒళ్లు మండింది. మా అత్తింటివాళ్లకున్న చెరుకల్లా ఫ్యాక్టరీకి పోయే బండ్ల వెనక గుంజుకుని తిన్న గడలే. మా అత్త గంగుబాయి బీడీలు చుట్టి ఈయనను చదివించింది. సుమనకూ ఆ తోటల కథే చెప్పి పెంచాడు, నేనూ నోరు మూసుకున్నాను. అది నా తప్పే. ఇక చాటను దాస్తే నన్ను నేను దాచుకున్నట్టే. దాచనని నిశ్చయించుకున్నాను.

ఆదివారం పొద్దున్నే వరండాలో చాప వేసి, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చున్నాను. ఆయన పళ్లు బిగబట్టి, "లోపలికి నడువు, ఇజ్జత్ పోతది" అన్నాడు.

"నీ ఇజ్జత్ గీ చాటల నుంచే వచ్చింది. నేను లేవ."

అంతలోనే ఆరు బండ్లు వచ్చి ఆగాయి. ముందు దిగిన బ్యాంకు మేనేజర్ బాపురావు నా చాటను చూసి ఆగిపోయాడు. చిన్నప్పుడు తల్లి చుట్టిన బీడీల కొసలు మడిచి మూతులు తనే ఒత్తేవాడినని చెప్పి, హెల్మెట్ పక్కన పెట్టి చాప మీద కూర్చుని బీడీలు అందుకున్నాడు. బడికి పోయేముందు మూతులు ఒత్తని పిల్లలు మా దిక్కు తక్కువే. ఇంకో ఇద్దరు కూడా కూర్చున్నారు.

బాపురావు ఒత్తిన మూతులు ఒక్కటీ నిలవలేదు. భూమేష్ కాసేపు నిలబడి చూశాడు, ఓర్చుకోలేకపోయాడు. "గట్ల కాదన్నా" అంటూ కూర్చుని, చూస్తుండగానే నాలుగు ఒత్తేశాడు.

గడపలో నిలబడ్డ సుమన తండ్రిని అడిగింది. "బాపూ, గిది నీకెట్ల వచ్చు?"

ఆయన తల ఎత్తలేదు. "మీ నాయనమ్మ నేర్పింది. మనకు తోటలు లేకుండె బిడ్డా. చాటనే ఉండె."

సుమన వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆకు తడి ఆరకముందే ఇంకా రెండు కట్టలు చుట్టాలి. నేను చాటను ఆయన వైపు జరిపాను.