వీపున దెయ్యం ఉన్న శుభలేఖ

నేను ఒక శుభలేఖను. నా ముందు వైపు వినాయకుడున్నాడు, వెనక వైపు దెయ్యం ఉంది. వినాయకుణ్ణి అమలాపురం ప్రెస్సులో అచ్చు వేశారు. దెయ్యాన్ని సైప్రస్ దీవిలో, లిమసోల్ అనే ఊళ్ళో, ఏడేళ్ళ పిల్ల స్కెచ్ పెన్నుతో గీసింది. దాని కింద తెలుగు అక్షరాల్లో ‘ఫాందస్మా’ అని ఉంటుంది. గ్రీకులో దెయ్యాన్ని అలాగే అంటారు. ఇలాంటి బతుకు బతికినదాన్ని, ఎవరినైనా ఊరికే నమ్మెయ్యమంటే ఎలా నమ్ముతాను?

అసలు నేను పుట్టిందే అనుమానంలో. పెళ్ళికొడుకు కుడుపూడి ధనుంజయ తల్లి, ప్రూఫు కాగితాన్ని నాలుగుసార్లు చదివించుకుంది. ప్రెస్సాయన విసుక్కుంటే, “మీకేంటి బాబూ, అచ్చేసి ఊరుకుంటారు. పేరు తప్పడితే నలుగురూ నవ్వేది మమ్మల్ని కదా” అంది. అచ్చయ్యాక నా నాలుగు మూలలా పసుపు రాసింది. మనుషులు సాక్షాత్తూ దేవుణ్ణి ముందు పెట్టుకుని కూడా, మూలల్లో పసుపు రాస్తే గాని నిశ్చింతగా ఉండరు.

ధనుంజయ అక్క సత్యవేణి. తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది తనే. లిమసోల్‌లో ఒక ముసలావిడకి తోడుండే పని కుదిరి, పెళ్ళి ఇంకా తొమ్మిది రోజులుందనగా ఆమెకి టికెట్టు వచ్చింది. ఆ విమానం ఎక్కకపోతే పని వేరేవాళ్ళకి పోతుందన్నారు. ఆడపడుచు లేని పెళ్ళేం పెళ్ళని ఊరు నొసలు చిట్లించింది. ఆమె ఏడుస్తూనే బయల్దేరింది. తల్లి పెట్టెలో పదకొండు శుభలేఖలు సర్ది, “అక్కడ మనోళ్ళు చాలామంది ఉంటారంటమ్మా. ఒట్టి నోటితో ఏం పిలుత్తావు, ఇయ్యి ఇయ్యి” అంది. ఆ పదకొండింట్లో నేనొకదాన్ని.

లిమసోల్‌లో నన్ను ఇవ్వడానికి మనవాళ్ళెవరూ దొరకలేదు. దొరికింది డెస్పో, డెబ్బై ఎనిమిదేళ్ళ ముసలావిడ. ఆవిడ మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే సత్యవేణి ఆ ఇంట్లో అడుగుపెట్టింది. పై అంతస్తులో కూతురు ఆండ్రూలా, స్తాలో అనే ఏడేళ్ళ మనవరాలు ఉంటారు. డెస్పో సత్యవేణిని ‘కోరీ’ అని పిలిచేది, అంటే అమ్మాయీ అని. రా, తే, కడుగు, లేపు. ఈ నాలుగు మాటలతోనే ఎనిమిది నెలలు గడిచాయి.

ఆ ఎనిమిది నెలలూ ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండడానికే సరిపోయింది. సత్యవేణి తలకి కొబ్బరినూనె రాసుకుంటే డెస్పో కిటికీలన్నీ తెరిపించేది. డెస్పో కాఫీ తాగి, కప్పు బోర్లించి, అడుగున మిగిలిన మడ్డిలోకి తొంగిచూస్తూ ఏదో గొణిగితే సత్యవేణి దూరంగా జరిగేది. “ఈవిడ నా మీదేదో చేత్తంది” అని పెట్టెలో ఉన్న మాతో చెప్పుకునేది. ఎవరి అనుమానం నిజమో నాకూ తెలియలేదు. ఇద్దరి మీదా ఒక కన్నేసి ఉంచాను.

అక్టోబరు వచ్చింది. స్తాలో చదివే స్కూల్లో దెయ్యాల పండగ చేస్తారట. పిల్లలు దెయ్యాల వేషాలేసుకుని, గుమ్మడికాయకి కళ్ళూ నోరూ కోసి, లోపల దీపం పెడతారట. ఆ ఉత్సాహంలో స్తాలోకి టీచరాట ఆడాలనిపించింది. శిష్యురాలు సత్యవేణి. తనతో పని చెప్పడానికి తప్ప ఎవరూ నోరు విప్పని ఇంట్లో ఒక పిల్ల వచ్చి మాటలు నేర్పుతానంటే కాదంటుందా? దెయ్యాల మాటలైతే మాత్రమేం, మాటలే కదా.

రాసుకోవడానికి కాగితాలు కావాలి. పెట్టెలో మేమున్నాం, వీపులు ఖాళీగా. ఆమె చాలాసేపు తటపటాయించి, “సామీ, నీ వైపు కాదులే, ఎనకాలే రాత్తాను” అని వినాయకుడికి దణ్ణం పెట్టి కలం పట్టింది. మాయిసా అంటే మంత్రగత్తె. నిఖ్తెరీదా అంటే గబ్బిలం. స్కెలెతోస్ ఎముకల గూడు, అరాఖ్ని సాలెపురుగు, కొలొకీథా గుమ్మడికాయ. నా వీపుకి దెయ్యం దక్కింది. పిల్ల బొమ్మలు గీసి, చీటీలన్నీ ఇంట్లో తలోచోటా దాచేది. సత్యవేణి వాటిని వెతికి పట్టుకుని పైకి చదవాలి. గబ్బిలాన్ని కర్టెన్ వెనక దాచింది, సాలెపురుగుని బియ్యం డబ్బాలో పెట్టింది, నన్ను అమ్మమ్మ దిండు కిందికి తోసి మర్చిపోయింది.

శుక్రవారం పొద్దున డెస్పో చేతికి దొరికిపోయాను. ఆ వారంలోనే ఆవిడ మోకాలు మళ్ళీ వాచింది, పాలు రెండుసార్లు విరిగాయి, పిల్లి ఇంటికి రావడం మానేసింది. వీటన్నిటికీ కారణం ఇప్పుడు చేతిలోకే వచ్చింది. తెలియని అక్షరాలు, తెల్లటి దెయ్యం బొమ్మ, మూలల్లో పచ్చటి మరకలు. తిప్పి చూస్తే ఏనుగు తలతో ఒక మనిషి! ఆవిడ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. అనుమానం పెనుభూతమని మనవాళ్ళు ఊరికే అనలేదు.

వెంటనే బ్యాంకులో ఉన్న కూతురికి ఫోన్ చేసింది. ఆ మాటల్లో సత్యవేణికి అర్థమైంది ఒక్కటే. మాయిసా. రెండుసార్లు వినబడింది. పాఠం బాగా వంటబట్టినందుకు ఫలితం అది. శుభలేఖ మీద దెయ్యాన్ని రాసిన తప్పు మనసులో ఉందేమో, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉలిక్కిపడి చేతిలో గిన్నె జారవిడిచింది. డెస్పోకి ఇంకేం రుజువు కావాలి? మధ్యాహ్నం బ్యాంకు మూయగానే వచ్చి పంపించేస్తానంది కూతురు. ఈ ఇల్లు పొమ్మంటే వీసా పోతుంది, వీసా పోతే తిరుగు విమానమే. తమ్ముడి పెళ్ళి వదులుకుని తెచ్చుకున్న పని ఒక్క మాటతో ఊడిపోయేలా ఉంది.

కూతురొచ్చేదాకా డెస్పో ఊరుకోలేదు. చర్చిలో దీవించి ఇచ్చిన ఎండు ఆలివ్ ఆకుల్ని ధూపం గిన్నెలో నిప్పుల మీద వేసి, చెడు పోవాలని ఇల్లంతా పొగ పట్టి, సత్యవేణి చుట్టూ మూడుసార్లు తిప్పింది. సత్యవేణి చేతబడే అనుకుని గోడకి అతుక్కుపోయింది. ఆ గదిలో ఆ క్షణాన ఇద్దరు మంత్రగత్తెలున్నారు, ఒకరి కంటికి ఒకరు. చివరికి డెస్పో ఏప్రన్ జేబులోంచి నన్ను తీసి నిప్పుల మీదికి వంచింది.

“బాబోయ్, కాల్చకండి! శుభలేఖండీ అది! మా తమ్ముడిదండీ!” అంటూ సత్యవేణి నన్ను లాక్కుంది. నా అంచు అప్పటికే కాస్త కమిలింది.

డెస్పోకి ఒక్క ముక్క తెలియలేదు. సత్యవేణికి పెళ్ళిని గ్రీకులో ఏమంటారో తెలియదు, తమ్ముణ్ణి ఏమంటారో అంతకన్నా తెలియదు. స్తాలో స్కూల్లో ఉంది. జేబులోంచి ఫోటోలు తీసి చూపించే ఫోన్లు అప్పటికింకా రాలేదు. ఉన్నవల్లా దెయ్యాల మాటలు. వాటితోనే మొదలుపెట్టింది.

నా మీది మొదటి పేరుపై వేలు పెట్టి, బుగ్గలు లోపలికి పీల్చి “స్కెలెతోస్” అంది. చేతుల్లో పసిబిడ్డని ఊపినట్టు ఊపి, ఆ బిడ్డ ఇంత, ఇంత అయ్యాడని నేల నుంచి తన తల దాకా చెయ్యి లేపింది. ధనుంజయ నిజంగానే బక్కపలచన. రెండో పేరు మీద వేలు పెట్టి, చేతులు గుండ్రంగా తిప్పి “కొలొకీథా” అంది, సిగ్గుపడ్డట్టు తల వంచింది. పెళ్ళికూతురు ఉమాపార్వతి కాస్త బొద్దు. “నిఖ్తెరీదా” అని ఆకాశం చూపించింది, ముహూర్తం రాత్రిపూట కాబట్టి. “అరాఖ్ని” అని గాల్లో దారం తీసి, తన మెడకి మూడు ముళ్ళు వేసుకుంది.

డెస్పో ఉరి అనుకుని ఇంకా హడలిపోయింది. సత్యవేణి చుట్టూ చూసింది. మంచానికి పైన, గోడకి ఒక గాజు పెట్టెలో రెండు పూల కిరీటాలు రిబ్బనుతో కలిపి కట్టి ఉన్నాయి. డెస్పో పెళ్ళినాటివి; పక్కనున్న పాత ఫోటోలో ఆవిడ, భర్త తలల మీద పెట్టుకున్నవి అవే. వాటిని చూపించింది, నన్ను చూపించింది, మళ్ళీ వాటిని చూపించింది.

“గామోస్?” అంది డెస్పో మెల్లగా. పెళ్ళా?

నన్ను చేతిలోకి తీసుకుని కళ్ళజోడు పెట్టుకుంది. ఇద్దరూ చదవగలిగినవి నా మీద అంకెలొక్కటే. 22-2. ఆవిడ వాటిని వేలితో రెండుసార్లు తడిమి, మంచం మీద కూర్చుండిపోయింది. “నా మోకాలికి కుట్లు విప్పిన రోజు” అని గొణిగింది. ఆ రోజు తనని ఎత్తి కూర్చోబెట్టి స్నానం చేయించిందెవరో ఆవిడకి గుర్తుంది. ఇన్నేళ్ళు గ్రీకు వింటూ ఉన్నాక ఇప్పుడు ఆ మాట నాకు అర్థమైంది గాని, సత్యవేణికి ఆవిడ కళ్ళు చూస్తే అప్పుడే అర్థమైంది.

డెస్పో కుంటుకుంటూ లేచి గాజు పెట్టె తెరిచింది. కిరీటాల పక్కన, కిందటి నెల ఎవరి పెళ్ళిలోనో ఇచ్చిన చక్కెర పూత బాదం గింజలున్నాయి. వాటిని తీసి, ఆ ఖాళీలో నన్ను నిలబెట్టింది, వినాయకుడు ఇవతలికి కనిపించేలా. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఆవిడ మనసు మళ్ళీ మారుతుందేమోనని చాన్నాళ్ళు అనుమానించాను. మారలేదు.

ఒక గింజ తీసి సత్యవేణి నోట్లో పెట్టింది. అంతే, ఎనిమిది నెలల ఏడుపూ ఒక్కసారిగా వచ్చేసింది ఆమెకి. అప్పుడే తలుపు తోసుకుని ఆండ్రూలా వచ్చి, “ఏదమ్మా ఆ మంత్రగత్తె?” అని గట్టిగా అడిగింది.

“అరవకు” అంది డెస్పో. “ఇది పెళ్ళివారిల్లు. పెళ్ళికొడుకు అక్కగారు ఇప్పుడే నోరు తీపి చేసుకుంటోంది.”