గుంతలు లేని ఆట

దీపం లెక్క తప్పిన ఆ శనివారం పొద్దున కూడా రాజలింగు ఎప్పటిలాగే ల్యాంపురూము కిటికీ దగ్గర వంగి నిలబడి తన ఇత్తడి బిళ్ళను లోపలికి చాచాడు. నాలుగు వందల పదిహేడు. లోపలి మనిషి బిళ్ళను బోర్డు మీది మేకుకు తగిలించి, అదే నంబరున్న టోపీ దీపం చేతికిచ్చాడు. పంతొమ్మిదేళ్ళుగా జరుగుతున్నది ఇదే. బిళ్ళ మేకుకు వేలాడినంతసేపు మనిషి భూమి లోపల ఉన్నట్టు. పైకొచ్చి దీపం అప్పజెబితే బిళ్ళ తిరిగి జేబులో పడుతుంది. మనిషి పైన ఉన్నట్టు. రాజలింగు ఆ బోర్డు వైపు ఎన్నడూ తేరిపార చూడలేదు. దీపం అందుకోగానే అటు వీపు తిప్పేవాడు.

అతనికి నలభై రెండేళ్ళు. పొట్టి మనిషి కాకపోయినా తక్కువ ఎత్తు కప్పుల కింద నడిచి నడిచి మెడ ముందుకు వంగిపోయింది. ఎంత రుద్దినా పోని బొగ్గు కనురెప్పల అంచున కాటుకలా నిలిచిపోయింది. పంపు చప్పుడుకు ఎడమ చెవి మందగించింది. బొగ్గుబాయిలో కర్రతో పైకప్పు తట్టి, మోత విని, ఆ తర్వాతే అడుగు వేస్తాడు. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. క్వార్టర్లో వంటింటి గడప దాటేముందు మడమతో నేలను ఒకసారి తడతాడు.

"ఏందయ్యా, మన ఇల్లు గూడ కూలుతదా?" అని భార్య అనసూర్య నవ్వేది. అతను నవ్వేవాడు కాదు.

అతని పని అందరికంటే కింద, పల్లంలో. ఊటనీళ్ళన్నీ అక్కడి గుంటలోకి చేరతాయి. పంపు వేసి వాటిని పైకి తోడాలి. పంపు పక్కనే అడ్డకర్రల కంచె. కంచె అవతల ఎప్పుడో బొగ్గు తీసి వదిలేసిన పాత దారి. అక్కడ గాలి ఆడదు, ప్రాణం తీసే చెడుగాలి నిలిచి ఉంటుంది. కంచెకు కట్టిన రేకు మీద ఎర్రరంగుతో పుర్రె బొమ్మ ఉంది. ఆ బొమ్మ వైపు వీపు పెట్టి కూర్చోవడం రాజలింగుకు రాదు. ఎనిమిది గంటలూ దానికి ఎదురుగానే కూర్చుంటాడు.

రెండో షిఫ్టులో వచ్చి అతన్ని పని నుంచి విడిపించేది మొగిలి. వరసకు బావ. పెద్ద గొంతు, పెద్ద నవ్వు.

"మా బావ పంపు కాడ కాదు, దేవుని గద్దె కాడ కూసుంటడు. దండం పెట్టుకుంటనే ఉంటడు," అని నలుగురిలో ఆటపట్టించేవాడు.

ఒకనాడు అందరూ నవ్వుతుంటే రాజలింగుకు రోషం వచ్చింది. "నీకేం తెల్సురా! నీళ్ళు ఒడిసినంక నేను కంచె అవుతలికి పోయి పండుకుంట. సల్లగ ఉంటది," అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి. మొగిలి భుజం తట్టి, "అమ్మో, మా బావకు గుండె ఉన్నది," అన్నాడు. రాజలింగు పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా ఆ కంచె మీద చెయ్యి వేయలేదు. కానీ ఆ మాట అతనికి బాగుండింది. అలాగే ఉండనిచ్చాడు.

పోయిన వానాకాలంలో క్వార్టర్ల వెనక భూమి కుంగింది. మూడో లైను శంకరవ్వ మేక మేస్తూ మేస్తూ ఉన్నచోటనే లోపలికి పోయింది. తాడు కొస పట్టుకొని శంకరవ్వ అంచున నిలబడిపోయింది. కంపెనీ వాళ్ళు ఇసుక పోసి పూడ్చారు. లైనులో వాళ్ళు నాలుగు రోజులు చెప్పుకొని మరిచిపోయారు. రాజలింగు మరవలేదు. ఆ నేల కింద ఏముందో అతనికి తెలుసు. ఏమీ లేదు.

ఆ రోజు నుంచి కూతురు రజితను బడి నుంచి రాగానే ఇంట్లో పెట్టి గొళ్ళెం వేయిస్తున్నాడు. పదేళ్ళ పిల్ల. కిటికీ చువ్వలు పట్టుకొని బయట తాడాట ఆడే పిల్లలను చూసేది. చివరికి ఒకరోజు అడిగింది.

"బాపూ, ఓవర్‌మెన్ సారోల్ల ఇంట్ల టీవీల ఆడే ఆట ఉన్నది. ఇంట్లనే కూసోని ఆడుకోవచ్చు. గది కొంటవా?"

ఇంట్లనే కూసోని. ఆ రెండు మాటలు రాజలింగు చెవిలో పడి ఉండిపోయాయి.

కరీంనగర్ పోయి ఆట కొనడానికి శనివారం ఎంచుకున్నాడు. ఒంటిపూట బళ్ళు నడుస్తున్నాయి. అనసూర్య తల్లిని చూడడానికి పొద్దున్నే మంథని బస్సెక్కింది. తెలిస్తే దండగ అంటుందని ఆమెకు చెప్పలేదు. ఎండాకాలం కనుక గుంటలో నీళ్ళు తక్కువ. పదిన్నరకే పంపు ఆపేయవచ్చు. షిఫ్టు నడుమ పైకి వచ్చి దీపం అప్పజెబితే ఆ రోజు హాజరు పోతుంది. అందుకని పనున్న వాళ్ళు దీపాన్ని ఎవరికైనా ఇచ్చి మెల్లగా జారుకునేవారు. షిఫ్టు విడిచేటప్పుడు తీసుకున్నవాళ్ళు తమ దీపంతో పాటు దాన్ని కూడా కిటికీలో ఇచ్చేవారు. అందరూ చేసేదే. షిఫ్టు పని చూసే సర్దారుకు కూడా తెలుసు.

రాజలింగు దీపం ఎప్పుడూ బొగ్గు తొట్లను పైకి లాగే హాలేజీ దగ్గర పనిచేసే కొండల్ ఇచ్చేవాడు. ఆ రోజు కొండల్ రాలేదు. రాజలింగు కాసేపు అటూ ఇటూ చూశాడు. పైన హాలేజీ షెడ్డు వెనక ఒక మేకుకు దీపాన్ని తగిలించి, దాని మీద తన నల్లబడిన అంగీ కప్పాడు. మొగిలి ఇల్లు బడి తొవ్వలోనే. పోతూ పోతూ తలుపు తట్టి, షిఫ్టుకు వచ్చేటప్పుడు దీపం ఇచ్చెయ్యమని చెబితే సరిపోతుంది.

బడి విడిచింది. రజిత చెయ్యి పట్టుకొని మొగిలి ఇంటి ముందుకు వచ్చాడు. తలుపు దగ్గరకు వేసి ఉంది. లోపల మొగిలి గురక వినిపిస్తోంది. తలుపు తట్టడానికి చెయ్యి ఎత్తాడు. అప్పుడే రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. రజిత చెయ్యి విడిపించుకొని పరుగెత్తింది. రోడ్డు వైపు కాదు. అడ్డదారిన, ఇసుక పోసి పూడ్చిన ఆ గుంత మీదుగా.

"రజితా! ఆగు! ఆగే!"

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే పెట్టుకొని ఆమె వెనక పడ్డాడు. పిల్ల ఇసుక దాటి అవతల నిలబడి నవ్వుతోంది. రెక్క పట్టుకొని బస్సెక్కించాడు. సుల్తానాబాద్ దాకా ఆ పట్టు వదలలేదు. ఆ కంగారులో మొగిలి తలుపు మాట కొట్టుకుపోయింది.

కరీంనగర్‌లో టవర్ దగ్గరి సందులో సుదర్శన్‌రావు టీవీ దుకాణం. ఊళ్ళో వ్యవసాయం అన్నకు వదిలి పట్నంలో దుకాణం పెట్టినాయన. తెల్ల బనీను మీద బంగారు గొలుసు, చేతిలో విసనకర్ర. రెండు పెట్టెలు దించి గాజుబల్ల మీద పెట్టాడు. ఒకటి చిన్నది, నలుపు. రెండోది తెలుపు, దానితో ఒక ప్లాస్టిక్ తుపాకి.

"ఏదన్న తీస్కో అన్నా. పోరగాండ్లు టీవీ ముంగటి నుంచి లెవ్వరు."

"కరెంటు కొడ్తదా పటేలా?"

"కొట్టది."

"కండ్లు పోతయా?"

"నీ కండ్లు పోయినయా, బొగ్గుల పన్జేస్తవు గదా," సుదర్శన్‌రావు నవ్వాడు. "మస్తు సేపు ఆడినా ఒడువది. పొద్దుమూకులు ఆడుకోవచ్చు."

రాజలింగు తల ఊపాడు. అతనికి కావలసింది అదే.

సుదర్శన్‌రావు నల్లదాన్ని టీవీకి తగిలించి ఒక క్యాసెట్ దూర్చాడు. తెర మీద బొటనవేలంత మనిషి పరుగెత్తాడు. నాలుగడుగులు వేశాడో లేదో, నేలలో నోరు తెరిచినట్టు ఒక గుంత. మనిషి అందులో పడిపోయాడు. కీచుమని చిన్న పాట.

రాజలింగు బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"ఏమైంది వానికి?"

"సచ్చిండు. ఫికర్ లేదు, ఇంక రెండు పానాలున్నయి."

"గుంతలు లేని ఆట లేదా పటేలా?"

"గుంతలు లేకుంటె ఆటేముంటదే!"

రజిత అప్పటికే మీటలు చేతిలోకి తీసుకుంది. నాలుక పంటి కింద పెట్టుకొని నొక్కింది. చిన్న మనిషి గుంత మీదుగా ఎగిరి అవతలి ఒడ్డున వాలాడు.

"సూడు బాపూ, దుంకితె పడడు. ఏమన్న కాదు."

అతను ఆమె ముఖం చూశాడు. ఆరు నెలల తర్వాత ఆ ముఖంలో ఎండ పడినట్టుంది. తుపాకితో పిట్టలు కొట్టే తెల్లదానిలో గుంతలు లేవు. పిల్లకు మాత్రం నల్లదే కావాలి. ఏది తీసుకోవాలో అతనికి పాలుపోలేదు. తెల్లది కూడా ఒకసారి చూపించమన్నాడు.

సుదర్శన్‌రావు నల్లదాని మీట ఆపాడు. దాని మూలన వెలుగుతున్న చిన్న ఎర్రదీపం ఆరిపోయింది.

"గీ దీపం యాదుంచుకో బిడ్డా," అన్నాడు రజితతో. "ఎలిగితె లోపల మనిషి ఉన్నట్టు. ఆర్పకుంట పోతివనుకో, వాడు లోపల్నే ఉంటడు."

షెడ్డు వెనక మేకు. నల్లబడిన అంగీ. బోర్డు మీద నాలుగు వందల పదిహేడు. ఇంకా వేలాడుతూ.

గోడ గడియారం రెండూ యాభై. మూడింటికి షిఫ్టు విడుస్తుంది. అందరి బిళ్ళలూ దిగుతాయి. అతనిది దిగదు.

"పటేలా, ఫోను... జర ఫోను యాడున్నది?"

పక్కనే ఎస్టీడీ డబ్బా. బాయి నంబరు అతనికి తెలియదు. జేబులో ఉన్నది క్వార్టర్ల దగ్గరి ఎస్టీడీ నంబరు ఒక్కటే. మూడుసార్లు తిప్పితే నాలుగోసారికి తగిలింది.

"నేను రాజలింగును. జర మొగిలికి చెప్పు. నా దీపం హాలేజీ షెడ్డు ఎనుక ఉన్నది. నేను లోపల లేను, కరీంనగర్ల ఉన్న."

"మొగిలి ఇప్పుడే సైకిల్ మీద డ్యూటీకి పోయిండు గదనే," అన్నాడు అవతలి డబ్బావాడు.

"ఎవలనన్న పంపు. నీ కాళ్ళు మొక్కుత."

"గింత ఎండల ఎవలు పోతరు! ఎవలన్న బాయి దిక్కు పోతె చెప్త తియ్."

ఫోను కట్టయింది. దుకాణంలోకి వచ్చి వేలు చూపించాడు. ఏ పెట్టె వైపు చూపించాడో అతనికే తెలియదు. సుదర్శన్‌రావు నల్లదాన్ని అట్టపెట్టెలో పెట్టి, చుట్టూ సుతిలి తాడు తిప్పి, గట్టి ముడి వేశాడు. "బస్సుల ఊడిపోవద్దు," అన్నాడు.

బస్సు ప్రతి ఊళ్ళోనూ ఆగింది. రజిత పెట్టెను ఒడిలో పెట్టుకొని మీటలు నొక్కుతున్నట్టు దాని మీద వేళ్ళాడించింది. లోపలే ఉన్నాడనుకొని రాజలింగును వెతుకుతారు, దేవులాడతారు. అది తెలుసు. ఎక్కడ దేవులాడతారు? పంపు దగ్గర. పంపు దగ్గర లేకపోతే? ఆ పక్క ఆలోచనకు అతను వెళ్ళదలుచుకోలేదు. అది వచ్చి పక్కన కూర్చుంది. కంచె అవుతలికి పోయి పండుకుంట. సల్లగ ఉంటది.

పెద్దపల్లి దగ్గర రైలుగేటు పడింది. బొగ్గు బండి. రజిత పెట్టెలు లెక్కపెట్టింది. యాభై ఎనిమిది. "బాపూ, గిదంత నువ్వు తవ్విందేనా?" రాజలింగు కిటికీలోంచి తల బయటపెట్టి గేటు వైపే చూస్తున్నాడు. తొలిసారి పిల్ల భయపడి అతని మోచెయ్యి పట్టుకుంది.

బాయి దగ్గర దిగేసరికి ఆరు కావస్తోంది. గేటు ముందు జనం. అతన్ని చూసి ఎవరో దారి ఇచ్చారు. తర్వాత ఇంకెవరో. మంథని నుంచి వచ్చి తిన్నగా అక్కడికే చేరిన అనసూర్య పరుగెత్తుకొచ్చి అతని చెంప మీద కొట్టింది. మళ్ళీ కొట్టబోయి, ఆ చేత్తోనే అంగీ పట్టుకొని ఏడ్చింది.

ఆమె వెనక మొగిలి భార్య సరోజన. ముఖం వెలిగిపోతోంది.

"అచ్చినవా అన్నా! బతికి బట్టకట్టినవు. గీ సంగతి తెల్వక మా ఆయిన నిన్ను దేవులాడ పోయిండు. 'మా బావ ఏడ పండుకుంటడో నాకే ఎరుక' అని, సర్దారు ఆగుమన్నా ఆగలేదట. ఇగ అస్తడు. అచ్చినంక సూడు, నిన్ను ఎట్ల ఆడిస్తడో!"

రాజలింగు నిలబడే ఉన్నాడు. చంకలో పెట్టె ఉంది. మడమతో నేలను తట్టాడు. నేల మెత్తగా ఉంది, ఏ మోతా రాలేదు.

ఏడున్నరకు మొగిలిని పైకి తెచ్చారు. దెబ్బ లేదు, నెత్తురు లేదు. కంచె అవతల ఇరవై అడుగుల దూరంలో గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడట. ఎవరినో పిలిచి, జవాబు కోసం చూస్తూ కునుకు తీసినట్టు. తల మీద దీపం వెలుగుతూనే ఉందని మోసుకొచ్చిన వాళ్ళు చెప్పారు.

ల్యాంపురూము మనిషి షెడ్డు వెనక నుంచి తెప్పించిన దీపాన్ని లోపల పెట్టి, బోర్డు మీది నాలుగు వందల పదిహేడును తీసి రాజలింగు చేతిలో పెట్టాడు. అది చల్లగా ఉంది. ఆ పూట అతను తొలిసారి బోర్డును తేరిపార చూశాడు. మొగిలి బిళ్ళ ఇంకా మేకుకు వేలాడుతోంది.

విచారణలో దీపం ఎక్కడ పెట్టాడో రాజలింగు చెప్పాడు. వాళ్ళు రాసుకున్నారు. మొగిలి అనుమతి లేకుండా కంచె దాటాడని కూడా రాసుకున్నారు. మొగిలికి ఆ చోటు ఎవరు చెప్పారని ఎవరూ అడగలేదు.

మొగిలి పదకొండో రోజు కర్మ తర్వాత రజిత తనంతట తనే పెట్టెను ఎత్తుకెళ్ళి సరోజన ఇంట్లో పిల్లలకు ఇచ్చింది. సరోజన దాన్ని టీవీ మీద పెట్టి తువ్వాల కప్పింది. రజిత ఇప్పుడు బయట తాడాట ఆడుతోంది. గొళ్ళెం ఎవరూ వేయడం లేదు. రాజలింగు ప్రతి ఆదివారం సరోజన ఇంటికి వెళ్తాడు. ఆమె చాయ పోసి ఇస్తుంది. "మా ఆయినకు నువ్వంటె పానం అన్నా, అందుకే పోయిండు," అంటుంది. అతను గ్లాసు కింద పెట్టి, పైకి లేచి వస్తాడు. తాను కంచె ఎన్నడూ దాటలేదన్న మాట ఆమెకు ఇంకా చెప్పలేదు.

టీవీ మీద ఆ పెట్టె అలాగే ఉంది. సుదర్శన్‌రావు వేసిన సుతిలి ముడిని ఇంతవరకు ఎవరూ విప్పలేదు.