మూడో కంపెనీ మాలిక్

మాస్కులు రాకముందు రాజనర్సుకు చెవులతో పెద్దగా పని పడేది కాదు. ఇరవై ఆరేళ్లుగా సూరత్‌లో సాంచాలు నడుపుతున్నాడు. ఆ మరమగ్గాల మోతలో మాట వినబడదు గనుక కార్ఖానాలో అందరూ పెదవులు చూసే మాట్లాడుకునేవారు. 2020లో లాక్‌డౌన్ తర్వాత కార్ఖానా మళ్లీ తెరిచేసరికి పెదవులన్నీ గుడ్డల వెనక్కి పోయాయి. తన ఎడమ చెవి పూర్తిగా మూసుకుపోయిందని అతనికి అప్పుడే తెలిసింది. ఈఎస్ఐ కార్డు ఉంటే పెద్ద డాక్టరుకు చూపించుకునేవాణ్నని భార్య లలితమ్మతో అన్నాడు.

ఆ రోజుల్లో అతను ఉండే బస్తీ నవాగామ్‌లో ఎక్కడ నలుగురు కూడినా కార్డు ముచ్చటే. కార్మికుల వైద్యానికీ, ముసలితనంలో పనికొచ్చే పీఎఫ్‌కూ కలిపి ఢిల్లీలో కొత్త బిల్లు రాబోతోందట. ప్రతి పనివాడి పేరూ ఆధార్‌తో సహా ఎక్కించాలట. పది మంది ఉన్నచోట ఈఎస్ఐ, ఇరవై మంది ఉన్నచోట పీఎఫ్. రాజనర్సు పనిచేసే కార్ఖానాలో ఇరవై ఎనిమిది మంది ఉన్నారు. ఏ రిజిస్టర్‌లోనూ ఒక్కరి పేరూ లేదు.

కార్ఖానా యజమాని సేఠ్‌కు కూడా బిల్లు సంగతి అందింది. అది చట్టం కాకముందే ఆయన ఒక డబ్బా ఎర్ర రంగు తెప్పించి, కార్ఖానా నేల మీద రెండు గీతలు గీయించాడు. ఒక కార్ఖానా మూడు కంపెనీలైంది. ఒక్కోదానిలో తొమ్మిది మంది. మొదటి గీత నేరుగానే సాగింది గానీ, రెండోది సరిగ్గా ఒక సాంచా కిందుగా పోయింది. బట్ట రెండో కంపెనీలో నేసి, మూడో కంపెనీలో చుట్టుకునేది. మూడో కంపెనీకి తలుపు లేదని పాయఖానా పక్క గోడ పగలగొట్టారు. మున్సిపాలిటీ వాళ్లు వచ్చి, కరోనా దూరం ఇంత శ్రద్ధగా పాటిస్తున్న కార్ఖానా మరొకటి లేదని మెచ్చుకుని గీతలకు ఫొటోలు తీసుకున్నారు.

మూడు తొమ్మిదులు ఇరవై ఏడు. రాజనర్సు ఒక్కడు మిగిలాడు. పాత పనివాడు, సాంచా ఆగితే బాగుచేసేది అతనే గనుక తీసేయడానికి లేదు. ఒకరోజు సేఠ్ అతన్ని గదిలోకి పిలిచి, మాస్కు వెనక నుంచి ఏదో చెప్పి, కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు అడిగాడు. రాజనర్సు అవి కార్డు కాగితాలనుకున్నాడు. ఆ సాయంత్రం ఇంటికి జిలేబీ పట్టుకెళ్లాడు.

పదిహేను రోజులకు పాయఖానా పక్క తలుపు మీద బోర్డు వేలాడింది. రెండో కంపెనీలో పనిచేసే బిక్షపతి దాన్ని కూడబలుక్కుని చదివి, మాస్కు కిందికి లాగి, పెదవులు కనబడేలా అన్నాడు.

"బావా, గిది నీ పేరే గదనే. నువ్వు మాలిక్‌వట."

మొదటి కంపెనీ సేఠ్ పేరున, రెండోది ఆయన భార్య పేరున ఉన్నాయి. మూడోదానికి యజమాని రాజనర్సు. అతను అడిగి తెచ్చుకున్న కాగితాల నకళ్లను ఇంట్లో, బీకాం చదువుతున్న కూతురు ప్రమీల రెండుసార్లు చదివింది.

"నాయినా, పేపర్ల మీద నువ్వు పనోనివి కాదు. గా తొమ్మిది మందికి కార్డులు కావాల్నంటే ఇగ జేపియ్యాల్సింది నువ్వే."

"మరి నా కార్డు?"

"మాలిక్‌కు కార్డు ఉండదు."

ఎంత మంది ఉంటే కార్డులు వస్తాయని రాజనర్సు అడిగాడు. పది మంది అని, పాత చట్టంలోనూ అదే లెక్కని, బిల్లు కోసం ఆగక్కర్లేదని ప్రమీల చెప్పింది. అతను లలితమ్మ వైపు తిరిగాడు.

"నువ్వు మా కంపెనీల పనికి జేరు."

"పదకొండేండ్ల సంది ఇంట్ల కూసోని ఆ కార్ఖానాకే దారం కండెలు సుడ్తున్న. గది పని గాదా?"

"గిప్పుడు పేరు రాస్త," అన్నాడు రాజనర్సు.

ప్రమీల ఇంటర్నెట్ సెంటర్‌లో పది పేర్లూ ఎక్కించింది. లలితమ్మ వివరాల్లో కుటుంబం అన్నచోట ఆమె భర్త పేరు రాసింది. ఆమె కార్డు మీదే రాజనర్సు చెవి చూపించుకోవడానికి ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్లాడు. కౌంటర్‌లో మనిషి ఏం పని చేస్తావని అడిగితే మాలిక్‌నన్నాడు. కార్డు ఎవరిదంటే, మా కంపెనీలో పనిచేసే ఆమెదన్నాడు. ఆ మనిషి కళ్లద్దాలు తుడుచుకుని, కార్డు మళ్లీ చూసి చీటీ ఇచ్చాడు.

పది మంది కార్డుల ఖర్చు తన మీద పడిందని తెలిసి సేఠ్ మండిపడ్డాడు. రాజనర్సును పనిలోంచి తీసేయమన్నాడు. మాలిక్‌ను తీసేయడం ఎలాగో తనకు తెలియదని ఆయన అకౌంటెంట్ చెప్పాడు. కంపెనీ మూసేయాలన్నా రాజనర్సు సంతకమే కావాలి. కరెంటు మీటరు కూడా అతని పేరునే ఉంది. దీపావళి ఆర్డర్లు మీద పడుతున్నాయి; లాక్‌డౌన్‌లో ఒడిశా పోయిన పనివాళ్లు ఇంకా తిరిగిరాలేదు గనుక కొత్తవాళ్లు దొరకరు.

రాజనర్సు తనకు వచ్చిన హిందీలో నెమ్మదిగానే చెప్పాడు. తనను మాలిక్‌ను చేసింది సేఠే. తాను మాలిక్ చేయాల్సిన పనే చేశాడు. ఇందులో తప్పుంటే చూపించమన్నాడు.

మరుసటి వారం బిక్షపతి ఒక దరఖాస్తు పట్టుకొచ్చాడు. తనను మూడో కంపెనీలో చేర్చుకోవాలని రాసి ఉంది. అతని వెనక మరో పదిహేడు మంది ఉన్నారు. రాజనర్సు అందరినీ పేరుపేరునా అడిగి చేర్చుకున్నాడు. వాళ్లు అవే సాంచాల దగ్గర నిలబడి, అదే పని చేస్తూ, కంపెనీ మారిపోయారు. పేర్లు ఇరవై దాటాయి గనుక పీఎఫ్ కూడా వచ్చింది. మొదటి కంపెనీలో సేఠ్, రెండోదానిలో ఆయన భార్య మిగిలారు.

సెప్టెంబరులో బిల్లు పార్లమెంటులో గట్టెక్కింది. నియమాలు ఇంకా రావాల్సి ఉందని, అప్పటిదాకా పాతవే నడుస్తాయని పేపర్లో వేశారు. అది చదివిన రోజే సేఠ్ నవాగామ్‌లోని రాజనర్సు గదికి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. ఇక ఆ గీతలతో లాభం లేదని, కంపెనీ తిరిగి తన పేరున చేయమని అడిగాడు. లలితమ్మ చాయ్ ఇచ్చింది. రాజనర్సు ఒకటే కోరాడు. ఇరవై ఎనిమిది పేర్లూ అలాగే ఉంచి, ఇరవై తొమ్మిదోదిగా తన పేరు రాయాలి. సేఠ్ ఒప్పుకున్నాడు. రాజనర్సు మాలిక్‌గా ఆఖరి సంతకం పెట్టాడు.

దీపావళికి ముందు అతని కార్డూ, పీఎఫ్ నంబరూ వచ్చాయి. యాభై రెండేళ్ల మనిషి వయసును అకౌంటెంట్ ఇరవై రెండు అని వేశాడు. ఆ లెక్కన, యాభై ఎనిమిదేళ్లకు వచ్చే పింఛను తీసుకోవాలంటే ఇంకా ముప్పై ఆరేళ్లు సాంచాలు నడపాలి. చిన్న పిల్లగానికి పెండ్లాన్నైతినని లలితమ్మ కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వింది. దిద్దించాలంటే మాలిక్ సంతకం కావాలని ప్రమీల చెప్పింది. మర్నాడు షిఫ్టు ఎక్కేముందు, రాజనర్సు కాగితం పట్టుకుని సేఠ్ గది ముందు వరసలో నిలబడ్డాడు.