చివర ఒక్క అక్షరం

బియ్యం మూడోసారి కడిగాక గానీ తోమోయెకు గుర్తు రాలేదు, ఇక ఇంత బియ్యం అక్కర్లేదని. తడిసినవాటిని మళ్ళీ డబ్బాలో పోయలేం కదా. ఇవాళ్టికి కానీ అనుకుని కుక్కర్ మీట నొక్కింది.

అరవై తొమ్మిదేళ్ళ మనిషి. బస్టాండు వెనక లాండ్రీలో ఇరవయ్యారేళ్ళుగా చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. ఆవిరికి కుడి ముంజేయి ఎప్పుడూ కందే ఉంటుంది. భర్త పోయి నాలుగేళ్ళయింది. ఆయనేం మాటకారి కాదు. పొద్దున్నే కిటికీ తెరిచి ఈవిడ "చలిగా ఉంది కదూ" అంటే, పేపరులోంచి తలెత్తకుండానే "కదూ" అనేవాడు, అంతే. ఆయన పోయాక ఆమెకు లోటైంది ఆ ఒక్క మాటే. గోడలు ఏం చెప్పినా వింటాయి గానీ, కదూ అనవు.

కిందటి ఏప్రిల్‌లో కాలేజీవాళ్ళు లూపెని తెచ్చి, ఇంట్లో ఉంచుకోమని అప్పగించారు. టోంగా దీవుల నుంచి జపనీసు చదవడానికి జపాన్ వచ్చిన పిల్ల, గుమ్మం పైకమ్మి నుదుటికి తగిలేంత పొడుగు. వచ్చిన రెండో రోజే వేలు కాల్చుకుని, టీ కెటిల్‌కి "వేడి" అని చీటీ రాసి అంటించింది. వ్యాకరణంలో తప్పు పట్టడానికి ఉండేది కాదు. కాకపోతే ఆ భాషలో మాట చివర 'నె' అనే అక్షరం పలకాలి, మనం తెలుగులో కదూ అన్నట్టు. అది ఆ పిల్ల నోట వచ్చేది కాదు.

"ఇవాళ వాన పడుతోంది."

"వార్తలు చదువుతున్నావా తల్లీ?" అని నవ్వేది తోమోయె.

ఆ తర్వాత నేర్చుకుంది, నేర్చుకుని అన్నిటికీ తగిలించింది.

"అమ్మా, నాకు కడుపు నొప్పి కదూ."

"నీ కడుపు సంగతి నాకెలా తెలుస్తుందే! ఇద్దరికీ తెలిసినదానికే కదూ అనాలి."

"పుస్తకంలో అలా లేదే."

"పుస్తకానికి కడుపు నొప్పి వస్తుందా?"

డిసెంబరులో ఒక పొద్దున తోమోయె కిటికీ తెరిచి అలవాటుగా "చలిగా ఉంది కదూ" అంది. నోట్లో బ్రష్షుతో అటుగా పోతూ, "కదూ" అంది లూపె. తోమోయె ముఖం కిటికీవైపే ఉంచుకుని చాలాసేపు నిలబడింది. కళ్ళనీళ్ళు ఆగలేదు.

చదువు అయిపోయి ఇవాళ ఆ పిల్ల తిరుగు ప్రయాణం. గుమ్మంలో బూట్ల తాళ్ళు కట్టుకుంటూ ఉంటే తోమోయె భోజనం పొట్లం అందించింది.

"సంచిలో పైన పెట్టుకో, నలిగిపోతుంది."

"సరే అమ్మా." లూపె లేచి, తల వంచి కమ్మి తప్పించుకుంది. "ఇల్లు బోసిగా ఉంటుంది కదూ."

"బస్సు పోతుంది, పద పద" అని భుజం తట్టి పంపేసింది తోమోయె.

లాండ్రీలో ఆ రోజు రెండు కాలర్లు మాడబోయి తప్పాయి. ఆ పిల్ల అడిగిన ఒక్క కదూకి జవాబివ్వలేదే అని పగలంతా మనసు పీకింది.

సాయంత్రం ఇంటికొచ్చి, కోటు విప్పకుండానే "చలిగా ఉంది కదూ" అంది వంటింటితో. అని తనే నాలుక కరుచుకుంది. టీకి నీళ్ళు పడదామని కెటిల్ ఎత్తింది.

ఆవిరికి ముడతలు పడిన పాత చీటీ మీద, వెలిసిపోయిన "వేడి" పక్కన, కొత్త సిరాతో ఇంకో అక్షరం ఉంది. 'నె'.

"కదూ" అంది తోమోయె.

కెటిల్ పొయ్యి మీద కూర్చుంది. చీటీ మీద ఆ అక్షరం చివరి మెలిక, తొందరలో రాసినట్టు, కాస్త పెద్దదై అంచు దాటింది.