గీతలు లేని వేలు

నేను ఒక ఇంకు ప్యాడ్‌ని. రేకు డబ్బా, లోపల సిరా పీల్చిన గుడ్డ. నా మీద ఒత్తిన వేలిని మరిచిపోలేను. అదే నాకు పట్టిన దరిద్రం.

ఫ్యాక్టరీ నుంచి నేరుగా రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాను. అన్నల వాటా తమ్ముళ్లు, తమ్ముళ్ల వాటా అన్నలు మింగుతూ నా మీద వేళ్లు పెట్టారు. అంతకంటే రోత ఉండదనుకున్నాను. అప్పుడు సర్వేవాళ్ల చేతిలో పడ్డాను.

పలకల గనుల కాలనీలో ఎందరి ఊపిరితిత్తులు పాడయ్యాయో తేల్చే సర్వే అది. జనాన్ని ఎలా పిలిస్తే ఎక్కువమంది వస్తారో కూడా పోల్చి చూడాలి. చీటీలు తీసి ఎంచిన ఇళ్లకు వెళ్లి అడగడం ఒక పద్ధతి. ఆటోకు మైకు కట్టి శిబిరానికి రమ్మనడం రెండోది.

ఎంచిన ఇళ్లు గుట్ట అవతల ఉన్నాయి. సూపర్‌వైజరు ఫణీంద్ర గుట్ట ఎక్కలేదు. జీపు నీడలో కూర్చుని, డ్రైవరు కేశవులు చేత నలభై అంగీకార పత్రాల మీద ముద్ర వేయించాడు. పేర్లు నలభై, బొటనవేలు ఒకటే. దగ్గు ఉందని రాస్తే ఎక్స్‌రే తీయించాలి కాబట్టి అందరికీ ఆరోగ్యం బాగుందని రాసేశాడు. కేశవులు మధ్యలో పకోడీలు తిన్నాడు. ఆ నూనె ఇంకా నా గుడ్డలో కంపు కొడుతోంది.

మర్నాడు మైకు విని గాలెమ్మ శిబిరానికి వచ్చింది. పాతికేళ్లు పలకలు కోసిన మనిషి. నాలుగడుగులకోసారి ఆగి దగ్గింది. ఎక్స్‌రే, మందులు ఉచితమన్న మాట ఆమెను గుట్ట దాటించింది. ఫణీంద్ర కాగితాలు తిరగేసి, ఆమె పరీక్ష నిన్ననే అయిపోయిందని, వేలిముద్ర కూడా ఉందని చూపించాడు.

చదువు రాని గాలెమ్మ ఆ కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది.

"ఇది నా ఏలు కాదు సారూ. దీనికి గీతలుండాయి. నా ఏళ్ల గీతలు పలకలు తినేసి పదేళ్లాయె. రేషన్ మిషనుకే దొరకవు."

ఎవరూ అడక్కుండానే నా మీద వేలొత్తి, ఆ ముద్ర పక్కన వేసింది. నున్నటి నీలం మచ్చ. ఆ నలభై పత్రాల్లో నిజమైన ముద్ర అదొక్కటే.

కేశవులు చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఫణీంద్ర ఆ మచ్చను కాసేపు చూశాడు.

"గీతల్లేని ముద్ర చెల్లదమ్మా. ప్యాడు పాడైంది," అని నన్ను బయటికి విసిరేశాడు.

ఇంటింటికీ వెళ్లడమే మేలైన పద్ధతని, అడిగినవాళ్లలో నూటికి నూరుమందీ ఒప్పుకున్నారని, ఒక్కరికీ జబ్బు లేదని అతను ఫోన్లో చెప్పడం పలక ముక్కల కుప్పలో పడి విన్నాను.

ఇప్పుడు నా గుడ్డ ఎండిపోయింది. గాలెమ్మ రోజూ ఈ కుప్ప పక్క నుంచే గనికి వెళ్తుంది. ఇక్కడ ఆగి ఊపిరి తీసుకుంటుంది. ఆ ఆగడం రోజురోజుకూ పెరుగుతోంది.