మూడో రోజు గాలి

సంచి అడుగున ముందు ఉప్పుచేప పెట్టాను. మంచు మీద ఈడ్చేటప్పుడు అడుగు తడుస్తుంది. చేప తడిసినా నష్టం లేదు, రొట్టె తడిస్తే గడ్డకట్టి రాయవుతుంది. చేప మీద ఎండబెట్టిన రొట్టె ముక్కలు, దాని మీద టీ ఆకు మూట, ఆ పైన మూడు జతల ఉన్ని చేతొడుగులు, రెండు జతల మేజోళ్లు. సూది, నరంతో పేనిన దారం ఒక గుడ్డలో చుట్టాను. అగ్గిపుల్లలు సీసాలో వేసి మూతికి మైనం కరిగించి పోశాను. అన్నీ సర్దాక మళ్లీ తీశాను. మళ్లీ సర్దాను.

పొయ్యి పక్కన వల అల్లుతున్న మా అత్త ఫెదోస్య నన్నే చూస్తోంది.

“ఎన్నిసార్లు సర్దుతావే ఉస్తీన్యా? వాడు వెళ్లేది వేటకా, అత్తారింటికా?”

“చేతొడుగులు చాలవేమోనని, అత్తా.”

“వాడికున్నవి రెండు చేతులే కదే. నాకు తెలీకుండా ఇంకోటేమన్నా మొలిచిందా?”

నేను నవ్వలేదు. నా భర్త నికాండర్ గుమ్మం దగ్గర కూర్చుని బూట్లకి సీల్ కొవ్వు రాసుకుంటూ నవ్వాడు. మా తెల్లసముద్రం తీరంలో సంచి సర్దేది భార్య, మూతి కట్టేది భర్త. ముడి పడ్డాక ఇంట్లో ఎవరూ ఆ వేట గురించి నోరెత్తకూడదు. ఎక్కడికని అడగకూడదు. గుమ్మం దాటినవాణ్ణి వెనక్కి పిలవకూడదు. నేను చెప్పాల్సింది ముడి పడేలోపే చెప్పాలి. అందుకే సర్దుతూనే ఉన్నాను.

చెప్పాల్సింది ఒక్కటే. ఊళ్లో మగవాళ్లంతా నమ్మిన ఆ కథ ముగింపు పుస్తకంలోది కాదు, నేను కల్పించింది. దాన్ని నిజమనుకుని అతను మంచు మీదికి వెళ్లకూడదు.

నేను బడికి పోలేదు. చలి రాకుండా ఇంటి గోడలకి అంటించిన పాత పత్రికలు చూసి అక్షరాలు పట్టుకున్నాను. పొయ్యి వెనక గోడకి ఒక పత్రిక తలకిందులుగా అంటించారు. దానివల్ల కొన్ని అక్షరాలు చాలాకాలం నాకు తలకిందులుగానే వచ్చేవి. ఆ ఏడు చలికాలం మొదట్లో భూములు కొలిచే ఆయన ఒకడు మా ఇంట్లో బస చేసి, వెళ్తూ బల్ల కింద ఒక పుస్తకం మరిచిపోయాడు. అట్ట లేదు. చివరి కాగితాలు పొగాకు చుట్టుకోవడానికి ఎవరో చింపుకున్నారు. ఎన్ని పోయాయో కూడా తెలియదు.

సాయంత్రాలు ఇరుగుపొరుగు వచ్చి వలలు అల్లుకుంటుంటే నేను వేలు పెట్టి చదివేదాన్ని. సీళ్ల వేటకి మంచు మీదికి పోయిన ఇద్దరి కథ అది. పేర్లు ఉన్నాయిగాని మావాళ్లు పెద్దవాడు, చిన్నవాడు అనే అనేవారు. రాసినాయనకి వేట తెలుసు. తుపాకీ ఇనుముకి చర్మం అంటుకుపోవడం తెలుసు. పిల్లని చంపాక తల్లి సీల్ మంచు కంతలోంచి తల పైకెత్తి చూడడం తెలుసు. తిండి తగ్గేకొద్దీ ఒకే గిన్నెలో తినేవాళ్లు ఒకరి చెంచా వంక ఒకరు చూసుకోవడం తెలుసు.

“చూస్తాం. ఎందుకు చూడం?” అన్నాడు ఆ మాట దగ్గర ఒకాయన, తల దించుకుని.

ఆకలి గురించి అంత నిజంగా రాసినవాడు మిగతాదీ నిజమే రాసుంటాడని అందరూ అనుకున్నారు. కథలో పెద్దవాడి కాలు విరుగుతుంది. మంచు పగులుతుంది. పగులుకి అవతల ఒడ్డుకి దారి, ఇవతల కాలు విరిగిన మనిషి. చిన్నవాడు దాటడానికి ఒక కాలు ఎత్తుతాడు. అక్కడితో కాగితం అయిపోయింది.

“ఊఁ, తర్వాత?” అంది మా అత్త.

అయిపోయిందని చెప్పొచ్చు. చెప్పలేకపోయాను. నాకు ఆరేళ్లప్పుడు మా నాన్న పడవెక్కాడు. తర్వాత మా అన్న యుద్ధానికని బండెక్కాడు. ఇద్దరి వీపులూ గుర్తున్నాయి, ముఖాలు గుర్తులేవు. ఇంకొకణ్ణి ఎత్తిన కాలుతో అలా వదిలేయడం నావల్ల కాలేదు. ఆ కాలు వెనక్కి పెట్టించాను. ఇద్దరూ ఒకే తాడు నడుములకి కట్టుకుని, వీపుకి వీపు ఆనించి కూర్చున్నారని చెప్పాను. మూడో రోజు గాలి మళ్లిందని, మంచుపలకని తెచ్చి ఒడ్డుకి చేర్చిందని చెప్పాను.

“ఏ గాలి?” అన్నాడు సోజోన్. అరవై దాటిన మనిషి, మా పడవకి పెద్ద. మంచు మీద ఎనిమిది మందికీ అతని మాటే చట్టం.

“పడమటి గాలి.”

“పడమటిదే అవ్వాలి,” అని తల ఊపాడు. “రాసినోడు ఈ సముద్రం చూసినోడే.”

తాతల నాటి నుంచీ మా ఊళ్లో ప్రతి పడవ పెద్ద దగ్గరా చేత్తో రాసిన దారి పుస్తకం ఒకటి ఉండేది. ఏ రాతి దగ్గర లోతెంత, ఏ గాలికి ఎక్కడ తలదాచుకోవాలి, ఎక్కడ శిలువ పాతి ఉంది, అంతా అందులో ఉండేది. వెళ్లి తిరిగొచ్చినవాడే అందులో రాస్తాడు. రానివాడు రాయలేడు. అక్షరాల్లో ఉన్నదల్లా ఎవరో ఒకరు బతికొచ్చి చెప్పిందేనని మావాళ్ల నమ్మకం. కథల పుస్తకాన్నీ ఆ కంటితోనే చూశారు.

వారం తిరిగాక సోజోన్ తన దారి పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు.

“నాకు చూపు ఆనట్లేదమ్మా. ఇందులో రాయి.”

“ఏం రాయను మామా?”

“అదే. కాలు విరిగినోణ్ణి వదలొద్దు. మూడో రోజు పడమటి గాలి.”

“అది కథ కదా మామా...”

“అయితే ఏంటంట? చచ్చినోడెవడన్నా లేచొచ్చి కథ చెబుతాడా?”

అందరూ నవ్వారు. నేను రాశాను. నా చేతిరాత అప్పటికి ఇంకా వంకరే. ఆ రెండు ముక్కలూ రాయడానికి దీపం వెలిగించే వేళైంది.

నికాండర్ గురి అంత మంచిది కాదు. అతన్ని పడవలోకి తీసుకున్నది కథలకి. తుపాను పట్టి బోర్లించిన పడవ కింద నాలుగేసి రోజులు పడుకోవాల్సి వస్తే, కథ చెప్పేవాడు లేని చోట మగవాళ్లు ఒకరినొకరు కొరుక్కుతింటారు. అందుకని ప్రతి పడవలోనూ కథ చెప్పేవాడికి ఒక చోటు ఉంచేవారు. అతనికి చదువు రాదు. నేను చదివింది ఒక్కసారి వింటే మాట పొల్లుపోకుండా చెప్పేవాడు. ఆ చలికాలం ఆ ఇద్దరి కథే చెప్పి చోటు సంపాదించాడు.

“అయిందా?” అంటూ సంచి దగ్గరికి వచ్చాడు.

“ఇదిగో, ఒక మాట.”

“ఒక్కటేనా? నీ దగ్గర ఎప్పుడూ పదుంటాయిగా.”

“ఆ కథ... దాని చివర...”

అతను నా ముఖంలోకి చూశాడు. చాలాసేపే చూశాడని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు నేను చేతొడుగుల వంక చూస్తున్నాను.

“కథకేమైందే? బాగానే ఉందిగా,” అన్నాడు.

బయటి నుంచి యెలిసేయ్ కేక వేశాడు. అతను నికాండర్‌కి చిన్ననాటి జోడు, అదే పడవ మనిషి. “ఒరేయ్, పెళ్లాంతో ముచ్చట్లు తర్వాత! సీల్ పిల్లలకి మీసాలొచ్చేస్తున్నాయి అక్కడ!”

నికాండర్ ముడి బిగించాడు.

ముడి పడ్డాక నోరు తెరిస్తే వేటకి కీడు. తెరవకపోతే అబద్ధం అతని వెంట పోతుంది. రెండు భయాల్లో నాకు చిన్నప్పటి నుంచీ అలవాటైన భయాన్నే ఎంచుకున్నాను. నోరు మూసుకున్నాను. ఎనిమిది మంది రొమ్ములకి తాళ్లు తగిలించుకుని, ఇనుప పట్టీలు వేసిన పడవని మంచు మీదికి లాక్కుపోయారు. సీళ్లు బెదరకుండా తోలు కోట్ల మీద తెల్ల చొక్కాలు వేసుకుంటారు. అందువల్ల ఎంతోసేపు కనిపించరు. అందులో ఏ వీపు అతనిదో నేను పోల్చుకోలేకపోయాను.

పదిహేను రోజులు పడమటి గాలే వీచింది. మంచు తీరానికి అతుక్కునే ఉంది. పదహారో నాడు తెల్లారేసరికి గాలి ఆగ్నేయం నుంచి, నేల వైపు నుంచి సముద్రం మీదికి వీస్తోంది. మా అత్త గుమ్మంలోకి వచ్చి వాసన చూసినట్టు ముఖం పైకెత్తి, లోపలికి పోయింది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం ఆరుగురు వచ్చారు. పడవ లేదు. యెలిసేయ్ తన ఇంటికి పోకుండా ముందు మా ఇంటికే వచ్చాడు. చేతులకి గుడ్డలు చుట్టి ఉన్నాయి.

“మావాడేడిరా?” అంది మా అత్త.

అతను కూర్చోలేదు. గోడకి ఆనుకుని చెప్పాడు. తోళ్లతో నిండిన పడవని మంచుగుట్ట మీంచి దించుతుంటే అది జారి సోజోన్ కాలు మీద పడింది. మోకాలి కింద ఎముక బయటికొచ్చింది. పడవ వాళ్ల చేయి దాటి నీళ్లలోకి పోయింది. సోజోన్‌ని నికాండర్ వెనక మోసుకొస్తున్నాడు. సముద్రం పాటు మొదలై నీళ్లు వెనక్కి తీశాయి. ముందు నడుస్తున్న ఆరుగురికీ, వెనకున్న ఇద్దరికీ మధ్య మంచు విరిగింది.

“అడుగు వెడల్పే ఉంది వదినా అప్పటికి. ‘దూకరా’ అని అరిచా. సోజోన్ మామేమో కోటు లోపల్నుంచి దారి పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ‘మూడు రోజులేగా’ అన్నాడు, అంతే.”

“ఆయన?” అన్నాను.

“వాడు తాడు తీసి మామ నడుముకి కట్టాడు. రెండో కొస తన నడుముకి చుట్టుకుంటూ అంచుకొచ్చాడు. మామకి వినబడకుండా అన్నాడు, ‘అది పుస్తకంలో లేదురా’ అని.”

“ఇంకేమన్నాడు?” అన్నాను.

“‘ఆ సాయంత్రం ఉస్తీన్య వేలే చూస్తూ పడుకున్నా’ అన్నాడు. ‘చదివేటప్పుడు దాని వేలు కదుల్తుంది. చివర్లో కదల్లేదు. అదంతా దాని నోటి నుంచి వచ్చిందే’ అన్నాడు. ‘తెలిసీ ఉండిపోతావేంట్రా వెధవా?’ అని అరిచా వదినా, ఏడుస్తూ అరిచా. ‘నాకు తెలుసు, ఆయనకి తెలీదుగా’ అన్నాడు. ‘ఒక్కణ్ణీ వదిలేస్తే మూడు రోజులు ఎవరితో కూర్చుని ఎదురుచూస్తాడు?’ అన్నాడు. అప్పటికి రెండడుగులైంది. ఇంకాసేపటికి పడవ పట్టేంత.”

యెలిసేయ్ గుడ్డలు చుట్టిన చేతులతో ముఖం తుడుచుకోబోయి, నొప్పికి ఆగిపోయాడు. “నువ్వు రాసిందాన్ని నమ్మి ఆగలేదు వాడు. నీ తప్పేం లేదు. ఆ మాట చెప్పాలనే ముందు ఇక్కడికొచ్చా.”

“నా కొడుకు మొదట్నుంచీ మొండోడే,” అంది మా అత్త. వల మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఆ పూట ఆమె వేసిన ముళ్లన్నీ మర్నాడు విప్పాల్సి వచ్చింది.

యెలిసేయ్ ఓదార్చాననుకుని వెళ్లాడు. నికాండర్ నమ్మి ఆగి ఉంటే నా అబద్ధమే అతన్ని ఆపింది, ఆ పాపం మోయడానికి నేను సిద్ధంగానే ఉన్నాను. నమ్మకుండా ఆగాడంటే, ఇంట్లో నేనున్నానని తెలిసే ఆగాడు. ఈ రెంటిలో ఏది నయమో నలభై ఏడేళ్లుగా తేల్చుకోలేకపోయాను. తర్వాత ఊళ్లోకి పుస్తకాలు వచ్చాయి. వేట కథ ఏది దొరికినా చదివాను. తోటివాణ్ణి వదలని మనిషికి వాటిలో ఎప్పుడూ గాలి మళ్లుతుంది, లేదా దూరాన ఓడ పొగ కనిపిస్తుంది, లేదా కనీసం చివరి మాట వినడానికి ఎవరో ఒకరు పక్కనుంటారు. ఆకలి దగ్గర, నెత్తురు దగ్గర నిజం రాసినవాళ్లు ఆఖర్న నాలాగే పిరికివాళ్లవుతారు. వాళ్లూ ఒడ్డున కూర్చుని రాసేవాళ్లే కదా.

మూడో రోజు ఎప్పుడవుతుందో యెలిసేయ్ మాట ప్రకారం లెక్క వేసుకున్నాను. ఆ పొద్దున తీరానికి వెళ్లి కర్రకి ఉన్ని పోగు కట్టి పట్టుకు నిలబడ్డాను. పోగు సముద్రం వైపే ఎగిరింది. నాలుగో రోజూ అంతే. పదకొండో రోజు గాలి పడమటికి మళ్లి చాలా మంచు తెచ్చింది. ఊరి మగవాళ్లు కొక్కేల కర్రలు పట్టుకుని రెండు రోజులు దాని మీద తిరిగారు. ఏమీ దొరకలేదు.

సోజోన్, నికాండర్ తిరిగి రాలేదు. మంచు విరిగింది 1927 మార్చి పద్నాలుగు, సోమవారం, పొద్దున సముద్రం పాటు మొదలయ్యే వేళ.