అంటుకోని జబ్బు

టి. నగర్‌లో ఇళ్ళకు సున్నం కొట్టే ఆనందన్‌కు మెడ మీద గడ్డ లేచింది. ఎక్స్‌రేలో ఛాతీలో నీడ కనిపించడంతో క్షయ అన్నారు. మద్రాసు ఆసుపత్రిలో చేర్చుకుని, బిడ్డను దగ్గరకు రానివ్వొద్దన్నారు. భార్య సెలీనా ఆదివారాలు పసిబిడ్డ లూర్దుమేరిని తెచ్చి గేటు బయట నిలబడేది. అతను వరండాలోంచి చూసేవాడు. కూతురి తొలి అడుగులు ఆ గేటు కమ్మీల మధ్యనుంచే చూశాడు.

రెండు నెలలు సూదులు వేసినా గడ్డ తగ్గలేదు. ఉన్నట్టుండి రెండింతలైంది. ఒంటి మీద నీలంగా బుడిపెలు లేచాయి. డాక్టర్ కృష్ణస్వామికి అనుమానం వచ్చి ముక్క కోసి పరీక్షకు పంపాడు.

ఫలితం రాగానే మంచం పక్కన కూర్చున్నాడు. “ఇది క్షయ కాదు ఆనందన్. గ్రంథుల్లో పుట్టే కేన్సరు. చాలా అరుదు, తొందరగా పెరుగుతుంది. చర్మానికి ఇట్లా పాకడం నేనెప్పుడూ చూడలేదు. కరెంటు వైద్యం, అదే రేడియేషన్, చేయిస్తాం. అయినా కొన్ని నెలలే.”



“బిడ్డకు అంటుకుంటాదా సార్?”

“లేదు.”

“అయితే ఎత్తుకోవచ్చా?”

డాక్టర్ తల వంచుకుని, “ఎత్తుకో,” అన్నాడు.

ఆదివారం ఆనందన్ గేటు దాటి వెళ్ళాడు. లూర్దుమేరి అతన్ని చూసి తల్లి చీర వెనక దాక్కుంది.

“కొత్త గదా, ఏడుస్తాది,” అంది సెలీనా, కళ్ళు తుడుచుకుంటూ.

“ఏడవనీ. వచ్చేదాకా నేను ఈడే కూర్చుంటా.”

గంట తర్వాత పిల్ల వచ్చి అతని ఒళ్ళో కూర్చుంది. అతను పోయేదాకా, ఆ మూడు నెలలూ, ఇంట్లో అతని పక్కలోనే నిద్రపోయింది.